కేజీ, పీఎస్ఐ, బార్, మీటర్లు, అడుగులు: ప్రెజర్ లెక్క ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి ఎట్ల మార్చుకోవాల

మన అనంతపురం పక్క చీనీ తోటలో డ్రిప్పు పెట్టిచ్చిన రైతు దగ్గరికి పోయి చూస్తే ఒకే లైను మీద నాలుగు రకాల అంకెలు కనిపిస్తాయి. బోరు సంగతి అడిగితే అడుగుల్లో చెప్తాడు, మోటరు ప్లేటు మీద హెడ్డు అని, అంటే నీళ్లని ఎంత ఎత్తుకి నూకగలదో, మీటర్లలో కొట్టింటాది, పీవీసీ పైపు మీద కేజీలు, ఫిల్టరు కాడ ఉండే గేజీలో ఒక రింగు కేజీలు ఇంకో రింగు పీఎస్ఐ. ఇంట్లోకి వస్తే వాషింగ్ మిషను మీద ఎంపీఏ, కారు డోరు కాడ కేపీఏ, బీపీ మిషనులో ఎంఎం. ఇన్ని పేర్లు చూసి ఇదేదో ఇంజనీర్ల లెక్క అనుకుంటారు గానీ ఇవన్నీ చెప్పేది ఒకటే, ఇంత జాగా మీద ఇంత బలం పడతాండాది అని, అంతే.

నెట్‌లో వెతికితే పెద్ద టేబుల్ వస్తాది, దాన్ని ఎవరూ గుర్తుపెట్టుకోలేరు, పెట్టుకోవాల్సిన పనీ లేదు. ఏ అంకె వచ్చినా ముందు దాన్ని కేజీల్లోకి తెచ్చుకోండి, ఆ కేజీల్లోంచి మీకు కావాల్సిన దాంట్లోకి పోండి. రెండు మెట్లలో పని అయిపోతాది. కేజీనే ఎందుకంటే మన పైపుల అంగడాయన, డ్రిప్పు ఫిట్టరు, మోటరు మెకానిక్కు అందరూ మాట్లాడేది దాంట్లోనే, పైగా నీళ్ల ఎత్తుతో దానికి లెక్క కచ్చితంగా కుదురుతాది.

కేజీ అని నోటితో అనేది నిజానికి ఒక చదరపు సెంటీమీటరు మీద ఒక కేజీ బరువు. ఒక సెంటీమీటరు పొడుగు ఒక సెంటీమీటరు వెడల్పు ఉండే సన్న గొట్టం ఒకటి నిలువుగా 10 మీటర్ల ఎత్తు నిలబెట్టి నీళ్లు నింపినారనుకోండి, 10 మీటర్లంటే 1000 సెంటీమీటర్లు, అంటే 1000 ఘనపు సెంటీమీటర్ల నీళ్లు, అంటే ఒక లీటరు, అంటే ఒక కేజీ బరువు, ఆ బరువంతా అడుగున ఒక చదరపు సెంటీమీటరు మీద పడతాది. కాబట్టి 10 మీటర్ల నీళ్లు = 1 కేజీ. గొట్టం సన్నగా ఉన్నా లావుగా ఉన్నా ఇది మారదు, ఎత్తు ఒక్కటే లెక్క. రెండు వేల లీటర్ల ట్యాంకు పెడితే ఐదు వందల లీటర్ల ట్యాంకు కంటే ప్రెజర్ ఎక్కువ వస్తాదని చానామంది అనుకుంటారు, రాదు, ట్యాంకుని ఇంకో పది అడుగులు పైకి లేపితేనే వస్తాది.

ఈ కింది నాలుగు వరసలు ఫోన్లో ఫోటో తీసి పెట్టుకుంటే చాలు:

1 కేజీ = 10 మీటర్ల నీళ్లు = 32.8 అడుగుల నీళ్లు
1 కేజీ = 14.22 పీఎస్ఐ
1 కేజీ = 0.98 బార్ = 98 కేపీఏ = 0.098 ఎంపీఏ
1 కేజీ = 735.6 ఎంఎం పాదరసం

కేజీల్లోంచి బయటికి పోవాలంటే ఈ అంకెతో గుణించాల, బయటినుంచి కేజీల్లోకి రావాలంటే ఈ అంకెతో భాగించాల. గుణించాలా భాగించాలా అని మధ్యలో తికమక పడితే ఒక్కటే చూడండి, చిన్న యూనిట్‌లో చెప్తే అంకె పెద్దగా రావాల. పీఎస్ఐ అనేది కేజీ కంటే చిన్నది, కాబట్టి పీఎస్ఐ అంకె ఎప్పుడూ కేజీ అంకె కంటే పెద్దదే. 30 పీఎస్ఐని మార్చినాక 426 కేజీలు వచ్చిందంటే తిరగేసినట్టు, ఆ ప్రెజర్‌కి డ్రిప్పు ఫిల్టరు పేలిపోతాది.

పీఎస్ఐ అంటే ఒక చదరపు అంగుళం మీద ఒక పౌను బరువు. పౌను 0.4536 కేజీ, అంగుళం 2.54 సెంటీమీటర్లు కాబట్టి చదరపు అంగుళం 6.45 చదరపు సెంటీమీటర్లు, 0.4536 ని 6.45 తో భాగిస్తే 0.0703 వస్తాది. అంటే ఒక పీఎస్ఐ అంటే 0.07 కేజీ. మీకు రోజూ పనికొచ్చే చిట్కా దీంట్లోనే ఉంది: పీఎస్ఐని 7 తో గుణించి 100 తో భాగించండి, కేజీలు వచ్చేస్తాయి. 30 పీఎస్ఐ, ఏడు ముప్పైలు 210, అంటే 2.1 కేజీ. 50 పీఎస్ఐ, 3.5 కేజీ. తేడా వందకి అర కూడా రాదు, కాలిక్యులేటర్ తీయాల్సిన పనే లేదు. వెనక్కి పోవాలంటే 100 తో గుణించి 7 తో భాగించాల, లేదంటే 14 తో గుణించి కొంచెం కలుపుకోవాల, 2 కేజీలంటే 28 కి పైన ఒక అర, సరిగ్గా 28.4.

ఒకరు 14.2 అంటారు, ఇంకొకరు 14.5 అంటారు, స్కూల్లో సారు 14.7 అని చెప్పింటాడు, ఏది కరెక్టు అని కొట్టుకుంటారు. మూడూ కరెక్టే, మూడూ వేరే వేరే వాటికి. 14.22 ఒక కేజీకి, 14.5 ఒక బార్‌కి, 14.7 ఒక అట్మాస్ఫియర్‌కి, అంటే సముద్రం ఒడ్డున మన మీద ఉండే గాలి బరువుకి. ఈ మూడూ పక్కపక్కనే ఉండే యూనిట్లు. బార్ అంటే సరిగ్గా 1,00,000 పాస్కల్స్, కేజీ అంటే 98,066.5 పాస్కల్స్, అట్మాస్ఫియర్ అంటే 1,01,325 పాస్కల్స్. కేజీకీ బార్‌కీ వందకి రెండు తేడా, బార్‌కీ అట్మాస్ఫియర్‌కీ వందకి ఒకటి మీద చిల్లర. కేజీ బార్ కంటే ఆ రెండు ఎందుకు తక్కువంటే భూమి లాగేది 9.81 కాబట్టి, అది సరిగ్గా 10 అయ్యింటే కేజీ బార్ రెండూ ఒకటే అయిపోయిండేవి, మనకీ ఈ గోల ఉండేది కాదు.

మరి పొలం కాడ ఈ రెండు శాతం పట్టించుకోవాలా అంటే, నా లెక్కలో పట్టించుకోవద్దు. ఎందుకంటే మీ గేజీకే అంత నమ్మకం ఉండదు. గేజీ డయల్ మీద కింద చిన్నగా 1.6 అనో 2.5 అనో రాసింటాది చూడండి, అది దాని క్లాసు, అంటే మొత్తం స్కేలులో అంత శాతం అటూ ఇటూ చూపించొచ్చు అని. 0 నుంచి 10 కేజీల గేజీ, క్లాసు 2.5 అనుకోండి, ముల్లు యాడున్నా పావు కేజీ అటూ ఇటూ ఉండొచ్చు. డ్రిప్పులో మనం చూసేదే ఒకటి, రెండు కేజీలు, దాంట్లో పావు కేజీ తేడా అంటే మామూలు విషయం కాదు. అదే 0 నుంచి 4 కేజీల గేజీ పెట్టుకుంటే అదే క్లాసుకి తేడా 0.1 కేజీకి దిగుతాది. కాబట్టి బార్‌కి 1.02 తో గుణించేదాని గురించి తల పగలగొట్టుకునేకంటే ముందు పనికి తగ్గ గేజీ కొనుక్కోండి, 16 కేజీల గేజీ తెచ్చి డ్రిప్పుకి పెట్టి ముల్లు కదల్లేదని బాధపడేవాళ్లని చానామందిని చూసినా. ఆ రెండు శాతం లెక్కకొచ్చేది ల్యాబ్‌లో, టెస్టింగ్ సర్టిఫికెట్ల మీద, ఫ్యాక్టరీల్లో పెద్ద ప్రెజర్ల కాడ. ముద్దనూరు పక్క థర్మల్ పవర్ స్టేషన్ లాంటి చోట బాయిలర్ ఆవిరి వంద కేజీలు దాటి ఉంటాది, ఆడ రెండు శాతం అంటే రెండు కేజీల పైనే. పవర్ ప్లాంటోళ్లు దీన్నే కేఎస్‌సీ, అంటే కేజీ పర్ స్క్వేర్ సెంటీమీటరు, అంటారు, కొత్తగా ట్రైనింగుకి పోయిన పిల్లోళ్లు అదేదో కొత్త యూనిట్ అనుకుంటారు, మన కేజీనే అది.

ఇప్పుడు పాస్కల్ కుటుంబం. ఒక చదరపు మీటరు మీద ఒక న్యూటన్ బలం పడితే ఒక పాస్కల్, బ్లెయిజ్ పాస్కల్ అని 17వ శతాబ్దపు ఫ్రాన్స్ ఆయన, ఈ యూనిట్‌కి ఆయన పేరు 1971 లో పెట్టినారు. ఇది మరీ చిన్నది, నీళ్లలో చెప్పాలంటే ఒక మిల్లీమీటరులో పదో వంతు ఎత్తు, అందుకే ఎవరూ ఉత్త పాస్కల్ వాడరు, వెయ్యి పాస్కల్స్ కలిపి కేపీఏ అంటారు, పది లక్షలు కలిపి ఎంపీఏ అంటారు. గుర్తు పెట్టుకునేది సులువు: 1 ఎంపీఏ అంటే 10 బార్, మన లెక్కకి 10 కేజీలు, ఇంకా కచ్చితంగా అయితే 10.2. 100 కేపీఏ అంటే 1 బార్. దశాంశం చుక్క అటూ ఇటూ జరిపితే సరిపోతాది. న్యూటన్ పర్ చదరపు మిల్లీమీటరు అని కనిపిస్తే అది ఎంపీఏనే, కిలోన్యూటన్ పర్ చదరపు మీటరు అని కనిపిస్తే అది కేపీఏనే, పేరు మారింది అంతే.

ఈ చివరిది మీ వంటింట్లోనే ఉండొచ్చు. గ్యాసు స్టవ్ మీద అతికించిన ప్లేటు చూడండి, మన దేశం స్టాండర్డ్ ప్రకారం చేసిన స్టవ్ అయితే గ్యాసు ప్రెజర్ 2.942 కిలోన్యూటన్ పర్ చదరపు మీటరు అని, దాని పక్కనే 30 గ్రాములు పర్ చదరపు సెంటీమీటరు అని రాసింటారు. ఇది రెండూ ఒకటే అని మనమే తేల్చుకోవచ్చు. 30 గ్రాములంటే 0.03 కేజీ. ఒక కేజీకి 98.07 కేపీఏ కాబట్టి 0.03 ని దాంతో గుణిస్తే 2.942. సరిపోయిందా? ఇంక నీళ్లలో చూస్తే 0.03 కేజీ అంటే 0.3 మీటర్లు, అంటే ఒక అడుగు నీళ్లు. స్టవ్‌కి వచ్చే గ్యాసు ప్రెజర్ అడుగు ఎత్తు నీళ్లంతే, సిలిండరు లోపల మాత్రం కేజీల లెక్కలో ఉంటాది, దాన్ని ఇంత కిందికి దించేది రెగ్యులేటరు, అందుకే ఆ రెగ్యులేటరుతో ఆటలాడొద్దు అనేది.

వాషింగ్ మిషను సంగతి ఇంకా పనికొచ్చేది. నీళ్ల పైపు తగిలించే చోటనో, వెనక స్టిక్కరు మీదనో 0.05 నుంచి 0.8 ఎంపీఏ అని ఉంటాది, కొన్నిటికి 0.03 నుంచి మొదలవుతాది. 0.05 ఎంపీఏ అంటే అర కేజీ, అంటే 5 మీటర్ల ఎత్తు నీళ్లు, 17 అడుగులు. ఇప్పుడు మీ ఇల్లు చూసుకోండి, పైన మిద్దె మీద నేలకి ఆనించి ట్యాంకు, కింద గదిలో మిషను, ట్యాంకు నీళ్ల మట్టానికీ మిషనుకీ మధ్య కష్టమ్మీద 10, 11 అడుగులు. పది అడుగులంటే 3 మీటర్లు, 0.3 కేజీ, 0.03 ఎంపీఏ. మిషను అడిగేది 0.05, మీరు ఇచ్చేది 0.03. నీళ్లు సన్నగా వస్తాయి, అరగంట చూసి ఏదో ఎర్రర్ చూపించి ఆగిపోతాది, కంపెనీకి ఫోన్ చేస్తే వాళ్లొచ్చి మోటరు బాగుంది బోర్డు బాగుంది అని చూసి పోతారు. కొనేముందే ఆ ఎంపీఏని మీటర్లలోకి మార్చుకోని ఉంటే, 0.03 నుంచి పని చేసే మోడల్ తీసుకోవడమో, చిన్న బూస్టర్ పంపు పెట్టుకోవడమో తేల్చుకునేవాళ్లు. పై అంకె, 0.8 ఎంపీఏ, అంటే 8 కేజీలు, మన ఇండ్లలో అంత ప్రెజర్ రాదు కాబట్టి దాని గురించి మర్చిపోవచ్చు.

ఒక జాగ్రత్త, మెగాకి పెద్ద ఎం, మిల్లీకి చిన్న ఎం. ఫోన్లో టైప్ చేసేటప్పుడు చిన్న ఎం పడిందంటే అది మిల్లీపాస్కల్, రెండిటికీ మధ్య వంద కోట్ల రెట్లు తేడా.

ఇప్పుడు బోరు, మన రాయలసీమలో ప్రెజర్ లెక్క నిజంగా డబ్బు ఖర్చయ్యే చోటు ఇదే. బోరు 700 అడుగులు వేసినారు, నీళ్ల మట్టం 400 అడుగుల కాడ, మోటరు 500 అడుగుల కాడ దించినారు, పైన డ్రిప్పుకి ఫిల్టరు ముందర 2 కేజీలు కావాల, ఇట్ల అనుకుందాం. హెడ్డు ఎంత? చానామంది 500 అడుగులు అని మొదలు పెడతారు, బోరు వేసినాయన అయితే 700 అంటాడు. మోటరు నిజంగా ఎత్తాల్సింది నీళ్ల మట్టం నుంచి, కాబట్టి 400 అడుగులు. కాకపోతే ఆ మట్టం మోటరు ఆడేటప్పుడు చూసిన మట్టం అయ్యుండాల, ఆపినప్పుడు చూసింది కాదు, ఆడేకొద్దీ మట్టం కిందికి పోతాది మన బోర్లలో, ఆ సంగతి మీకు చెప్పనక్కర్లేదు. 400 ని 0.3048 తో గుణిస్తే 122 మీటర్లు. పైన కావాల్సిన 2 కేజీలు అంటే 20 మీటర్లు. పైపుల్లో రాపిడికి ఒక 10 మీటర్లు వేసుకుందాం, ఇది పైపు సైజుని బట్టి మారుతాది, సన్న పైపు పెడితే ఇంకా పెరుగుతాది. మొత్తం 152 మీటర్లు. మోటరు ప్లేటు మీద హెడ్డు రేంజ్ చూసి, ఆ 152 దాంట్లో మధ్యలో పడేటట్టు చూసుకోవాల, మరీ చివర్లో పడితే నీళ్లు తగ్గిపోతాయి.

అదే లెక్క నోటితో చెప్పాలంటే 33 అడుగులకి ఒక కేజీ అని పట్టుకోండి. 400 అడుగులు అంటే 12 కేజీలు. వెయ్యి అడుగులు అంటే 30 కేజీల పైన, పీఎస్ఐలో 433. వెయ్యి అడుగుల నుంచి ఎత్తే మోటరు ఎంత కష్టపడతాండాదో ఆ అంకె చూస్తే తెలుస్తాది.

పైపు సంగతి కూడా దీంట్లోనే తేలుతాది. బోరులో దించే పైపు మోటరు కాడ లోపల 500 అడుగుల నీళ్ల బరువు మోస్తాండాది, బయట 100 అడుగుల నీళ్లు దాన్ని వెనక్కి నూకుతాండాయి, మిగిలేది 400 అడుగులు, 12.2 కేజీలు. దాని మీద పైన పెట్టుకున్న 2 కేజీలు, రాపిడి ఒక కేజీ, 15 దాటింది. అంటే అడుగున 16 కేజీల పైపు కావాల్సిందే. ఎవరైనా గేటు వాల్వు మూసి మోటరు ఆడిస్తే ఇంకా పెరుగుతాది, అది వేరే. నీళ్ల మట్టం దాటి పైకొచ్చేకొద్దీ ప్రతి 33 అడుగులకీ ఒక కేజీ తగ్గుతాది కాబట్టి పై భాగంలో తక్కువ కేజీల పైపు వేసి డబ్బు మిగిలించేవాళ్లూ ఉన్నారు, లెక్క సరిగ్గా తెలిస్తే అది తప్పేం కాదు, కాకపోతే ఏది యాడ వేసినామో తీసినప్పుడు కలిపేసుకోకూడదు.

పొలంలో పరిచే పీవీసీ పైపుకి అంగట్లో నాలుగు కేజీల పైపు, ఆరు కేజీల పైపు అని అడుగుతాం. పైపు మీద మాత్రం క్లాసు 2, క్లాసు 3 అనో, 0.4 ఎంపీఏ, 0.6 ఎంపీఏ అనో ముద్ర ఉండొచ్చు. రెండూ ఒకటే, 0.4 ని పదితో గుణిస్తే నాలుగు కేజీలు. ఐఎస్ 4985 స్టాండర్డ్‌లో వరస ఇట్ల పోతాది: 2.5, 4, 6, 8, 10, 12.5 కేజీలు, క్లాసు 1 నుంచి 6 దాకా. ఇంకో సంగతి ఎవరూ చెప్పరు, ఆ కేజీలు 27 డిగ్రీల వేడి కాడ లెక్కేసినవి. మన మే నెల ఎండలో పైన పడేసిన పైపు ఎంత కాలుతాదో చెయ్యి పెట్టి చూడండి, వేడెక్కేకొద్దీ ప్లాస్టిక్ మెత్తబడి దాని కేజీలు బాగా తగ్గుతాయి. ఆరు కేజీల పైపు కదా అని ఎండలో పరిచి ఐదు కేజీలు ఆడిస్తే పగిలేది పైపు తప్పు కాదు. భూమిలో పాతిపెట్టండి.

అడుగులు కనిపించినాయి కదా అని అన్నిట్నీ కేజీల్లోకి మార్చకండి. శ్రీశైలం 885 అడుగులకి చేరింది అని పేపర్లో వస్తాది, దాన్ని 33 తో భాగించి డ్యాము అడుగున 27 కేజీల ప్రెజర్ అని ఒకాయన వాదించినాడు. 885 అనేది సముద్రమట్టం నుంచి లెక్క, నీళ్ల లోతు కాదు. లోతు తెలిస్తేనే ప్రెజర్ వస్తాది.

ఫిల్టరు కాడికి వద్దాం. ఫిల్టరుకి ముందర ఒక గేజీ, వెనక ఒక గేజీ ఉంటాయి, రెండిటి తేడా అర కేజీ దాటితే కడగాల, బ్యాక్‌వాష్ చేయాల. కష్టం ఏందంటే ఒక గేజీ పగిలిపోయి కొత్తది తెచ్చుకుంటారు, పాతది కేజీల్లో పెద్ద అంకెలు, కొత్తది పీఎస్ఐలో పెద్ద అంకెలు. డయల్ మీద రెండు రింగులు, ఒకటి నల్లది ఒకటి ఎర్రది, ఏ రంగు ఏ యూనిట్ అనేది గేజీ గేజీకీ మారుతాది, అంకెల కింద రాసిన పేరు చూడాల్సిందే. ముందర గేజీ 30 పీఎస్ఐ, వెనక గేజీ 1.7 కేజీ చూపిస్తాండాయి అనుకోండి. 30 ని ఏడుతో గుణించి వందతో భాగిస్తే 2.1. తేడా 0.4. ఇంకా పర్లేదు, దగ్గరికొచ్చింది. అదే రెండు గేజీలూ పీఎస్ఐలో ఉంటే అర కేజీ అంటే 7 పీఎస్ఐ తేడా అని గుర్తు పెట్టుకుంటే చాలు. డ్రిప్పర్లు కూడా ఒక కేజీ కాడ గంటకి ఇన్ని లీటర్లు అని లెక్కేసి చేసినవే, కాబట్టి లేటరల్, అంటే డ్రిప్పర్లు ఉండే సన్న పైపు, చివర్లో గేజీ పెట్టి చూస్తే ఒక కేజీకి దగ్గరలో, అంటే 14 పీఎస్ఐ దగ్గర ఉండాల. చివర్లో అర కేజీనే ఉంటే ఆ చెట్లకి నీళ్లు తక్కువ పోతాండాయని అర్థం, డ్రిప్పర్లు మార్చేముందు ప్రెజర్ చూడండి.

టైర్ల గురించి ఎక్కువ చెప్పేది లేదు. పంచరు అంగట్లో గాలి ముప్పై రెండు పెట్టు అంటే పీఎస్ఐ. కారు డోరు కాడ స్టిక్కరు మీద 220 అని ఉంటే కేపీఏ, 2.2 అని ఉంటే బార్, మూడూ ఒకటే. కేపీఏని 7 తో భాగిస్తే పీఎస్ఐ దగ్గరికి వస్తాది, 220 కి 31.4 వస్తాది, నిజానికి 31.9. టైరు పక్కన గోడ మీద 300 కేపీఏ, 44 పీఎస్ఐ అని అచ్చు ఉంటాది, అది గరిష్టం, అంత పెట్టమని కాదు.

ఇప్పటిదాకా చెప్పిన ప్రెజర్లు అన్నీ గేజీ ప్రెజర్లు, అంటే బయటి గాలి కంటే ఎంత ఎక్కువ అని. గేజీ ఊరికే చేతిలో పట్టుకుంటే సున్నా చూపిస్తాది, నిజానికి ఆ సున్నా కాడ కూడా మన మీద దగ్గర దగ్గర ఒక కేజీ గాలి ఉంటాది. దాన్ని కూడా కలిపితే అబ్సల్యూట్ ప్రెజర్. కుక్కరు ఒక కేజీ మీద పని చేస్తాదంటే గేజీలో ఒక కేజీ, లోపల నిజంగా రెండు కేజీలు, అందుకే నీళ్లు 100 డిగ్రీల కాడ మరగకుండా 120 డిగ్రీల దాకా పోతాయి, పప్పు తొందరగా ఉడుకుతాది. యూనిట్ మార్చేటప్పుడు గేజీది గేజీలోనే, అబ్సల్యూట్‌ది అబ్సల్యూట్‌లోనే మార్చాల. కంప్రెసర్ కాగితాల మీద బార్ పక్కన గేజీకి జీ అనో అబ్సల్యూట్‌కి ఏ అనో ఒక్క ఇంగ్లీషు అక్షరం ఉంటాది, అది చూడకపోతే ఒక కేజీ తేడా వచ్చేస్తాది.

వేడితో గాలి ప్రెజర్ ఎంత పెరుగుతాదో లెక్కేసేటప్పుడు ఇది తప్పనిసరి. పొద్దున్నే 25 డిగ్రీల కాడ టైరులో 32 పీఎస్ఐ, మధ్యాన్నం బెంగళూరు హైవే మీద టైరు లోపలి గాలి 60 డిగ్రీలకి చేరింది. ముందు 32 కి బయటి గాలి 14 కలపాల, 46. వేడికి 273 కలపాల, 298 ఒకటి, 333 ఒకటి. 46 ని 333 తో గుణించి 298 తో భాగిస్తే 51.4, దాంట్లోంచి మళ్లీ 14 తీసేస్తే 37.4 పీఎస్ఐ. ఐదు పైన పెరిగింది. అందుకే గాలి చల్లగా ఉన్నప్పుడు చూడమనేది, వేడి మీద 37 చూసి ఎక్కువైందని గాలి వదిలేస్తే రాత్రికి చల్లారినాక తక్కువైపోతాది.

పైన 14.7 కాకుండా 14 ఎందుకు వేసినానంటే మనం సముద్రం ఒడ్డున లేం. అనంతపురం దగ్గర దగ్గర 335 మీటర్ల ఎత్తు, కర్నూలు 270 పైన, కడప 140 దగ్గర. ఎత్తు ఎనిమిదీ తొమ్మిది మీటర్లు పెరిగితే ఒక మిల్లీబార్ తగ్గుతాదని పట్టుకుంటే, సముద్రం కాడ 1013 ఉండేది అనంతపురంలో 975 అటూ ఇటూ, కడపలో 997 అటూ ఇటూ. మిల్లీబార్ అన్నా హెక్టోపాస్కల్ అన్నా అంకె ఒకటే, మార్చాల్సిన పని లేదు. ఫోన్లో బారోమీటర్ ఉన్నోళ్లు దాంట్లో 974 చూసి, టీవీలో వాయుగుండం 1000 అని విని, మన ఊర్లోనే పెద్ద తుపాను వచ్చేటట్టుందే అని గ్రూపులో పెడతారు. వాతావరణం వాళ్లు అన్ని ఊర్ల అంకెల్నీ సముద్రమట్టానికి సరిచేసి చెప్తారు, మీ ఫోను ఉన్నది ఉన్నట్టు చూపిస్తాది.

బావి మీద పెట్టే మోనోబ్లాక్ మోటరుకి కూడా ఇదే హద్దు. సక్షన్ అంటే మోటరు నీళ్లని లాగేది కాదు, బయటి గాలి నీళ్లని పైకి నూకేది. సముద్రం కాడ ఆ గాలి మోసేది 10.3 మీటర్ల నీళ్లు, అనంతపురంలో 9.9, అది కూడా కాగితం మీద. ఫుట్‌వాల్వు, వంకలు, రాపిడి అన్నీ పోగా నిజంగా నమ్ముకోగలిగింది ఆరేడు మీటర్లు, ఇరవై అడుగుల చిల్లర. ఎంత పెద్ద హార్స్‌పవర్ మోటరు పెట్టినా అంతే. బావుల్లో నీళ్లు దిగేకొద్దీ మోటర్లని గట్టు మీదనుంచి లోపలి అరుగు మీదికి దించుకుంటూ పోయింది ఇందుకే.

పాదరసం ఎంఎం లెక్క బీపీ దగ్గర తప్ప ఎక్కువ తగలదు. టొరిచెల్లి 1643 లో పాదరసం గొట్టంతో గాలి బరువు కొలిచినాడు, ఆ 760 ఎంఎం అప్పటినుంచి వస్తాండాది. పాదరసం నీళ్లకంటే 13.6 రెట్లు బరువు, కాబట్టి పాదరసం ఎంఎంని 13.6 తో గుణిస్తే నీళ్ల ఎంఎం వస్తాది. బీపీ 120 అంటే 1632 ఎంఎం నీళ్లు, మనిషి ఎత్తు నీళ్లనుకోండి, 0.16 కేజీ. వాక్యూమ్ గేజీల్లో కూడా ఇదే ఉంటాది, 0 నుంచి 760 దాకా వెనక్కి పోతాది, 660 ఎంఎం వాక్యూమ్ అంటే బయటి గాలి కంటే 0.9 కేజీ తక్కువ అని.

ఫోన్ యాప్‌లో మార్చుకునేవాళ్లకి ఒక మాట. కేజీ పర్ చదరపు సెంటీమీటరు అనేది కొన్ని యాప్‌లలో ఆ పేరుతో కనిపించదు, టెక్నికల్ అట్మాస్ఫియర్ అని ఉంటాది, అదే మనది. దాని పక్కనే స్టాండర్డ్ అట్మాస్ఫియర్ ఉంటాది, అది వేరే, మూడు శాతం పైన తేడా. పౌను పర్ చదరపు అడుగు అని ఇంకోటి ఉంటాది, దాన్ని పొరపాటున నొక్కితే 144 రెట్లు తేడా వస్తాది. వచ్చిన అంకెని ఒకసారి ఏడు చిట్కాతో నోటితో సరిచూసుకోండి, దగ్గర్లో లేకపోతే యాప్‌లో వేరేది నొక్కినట్టే.

చివర్లో చిల్లర ఎటు సర్దాలి అనేది పనిని బట్టి. పైపు, ట్యాంకు, వాల్వు కొనేటప్పుడు పైకి సర్దండి, 5.3 వస్తే 6 కేజీలది. మోటరు హెడ్డు కూడా పైకే, కాకపోతే మరీ ఎక్కువ కాదు, కరెంటు దండగ. వాషింగ్ మిషనుకి మీ ట్యాంకు ఇచ్చే ప్రెజర్ లెక్కేసేటప్పుడు కిందికి సర్దండి, ట్యాంకు సగం ఖాళీ అయినప్పుడు ఉండే ఎత్తే తీసుకోండి. టైరుకి అటూ ఇటూ ఏం వద్దు, ఉన్నది ఉన్నట్టు. ఇంక డ్రిప్పాయనకి ఫోన్ చేసి చెప్పేటప్పుడు ఉత్త అంకె చెప్పొద్దు, "అన్నా గేజీ ముప్పై చూపిస్తాండాది" అంటే ఆయనకి ఏం అర్థం కాదు, "అన్నా, మోటరు ఆడతాండాది, ఫిల్టరు ముందర రెండు కేజీలు, వెనక ఒకటింబావు" అని చెప్తే ఫోన్లోనే ఫిల్టరు కడుక్కోమంటాడు, మీకు ఆయన బండి పెట్రోలు ఖర్చు మిగులుతాది.